తెరుచుకోని షీట్లు

సోమవారం ఉదయం ఆ ఇంట్లో ఐదుగురున్నారు. అక్క, బావ, బావ వాళ్లమ్మ, స్కేలక్క, నత్త.

స్కేలక్క ఆ ఇంటి మనిషి కాదు. ముందుగదిలోని బావ ఆఫీసులో కూర్చుని భవనాల ప్లాన్లు గీస్తుంది. పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్తుంది. అయినా ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే ఆమెను వదిలేసి చెప్పడం ఎవరికీ అలవాటు లేదు. కంప్యూటర్ తెర మీద గీసిన గీతను కూడా ఉక్కు స్కేలు ఆనించి చూసుకుంటుందని ఆ పేరు వచ్చింది. నత్త అక్కకి చెల్లెలు, సెలవులకి వచ్చింది. ఎవరైనా పలకరిస్తే మెడ లోపలికి లాక్కుంటుందని బావ పెట్టిన పేరది. పెట్టిన రోజు ఏడ్చింది. ఇప్పుడు పిలిస్తే పలుకుతోంది.

ముందుగదిలో రెండు కంప్యూటర్లు. ఒకటి స్కేలక్కది. రెండోది పెద్ద ప్రింటర్‌కి తగిలించినది, ఈ సెలవుల్లో నత్త దాని ముందు కూర్చుంటోంది. లోపలి గదిలో బావ కూర్చునేది పెద్ద మిషన్. గీసిన ప్లాన్ల షీట్లన్నీ ఉండేది అందులోనే. అందులో 'అందరిదీ' అనే ఫోల్డర్ ఉంది. గోడ వెంట పాకిన వైరు గుండా ఆ ఫోల్డర్ మూడు కంప్యూటర్లలోనూ కనిపిస్తుంది. స్కేలక్క గీసి అందులో పెడుతుంది, బావ తప్పులు సరిచేస్తాడు, నత్త ప్రింటు తీస్తుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న పని ఒక హాస్టల్ భవనం. ఇరవై రెండు షీట్లు. గురువారం మధ్యాహ్నంలోగా ఇచ్చేయాలి.

నత్త నాలుగో షీటు మీద రెండుసార్లు నొక్కింది. తెర మధ్యలో చిన్న పెట్టె లేచింది. ఈ ఫైలు తెరవడానికి మీకు అనుమతి లేదు.

తానే ఏదో చెడగొట్టిందనుకుంది. పెట్టె మూసి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. ప్రింటర్‌లో కాగితం చుట్ట సరిగ్గానే ఉన్నా తీసి మళ్లీ ఎక్కించింది. పావుగంట గడిచింది.

"ఏంటమ్మా, ఆ చుట్టతో కుస్తీ పడుతున్నావ్?" స్కేలక్క కుర్చీ తిప్పింది.

నత్త తెర వైపు వేలు చూపించింది.

స్కేలక్క తన కంప్యూటర్లో అదే షీటు నొక్కి చూసింది. అక్కడా అదే పెట్టె. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి లోపలికి కేక వేసింది. "బాబూ! నాలుగు తెరుచుకోవట్లేదు. తొమ్మిది కూడా."

బావ లోపలి నుంచే అన్నాడు. "నాకు తెరుచుకుందే! రెండూ చక్కగా ఉన్నాయి."

"ఇక్కడ రావట్లేదు."

బావ గుమ్మం దాకా వచ్చి రెండు తెరలూ చూశాడు. ముందు పెట్టెను చూశాడు, తర్వాత స్కేలక్కను చూశాడు.

"నా దగ్గర వస్తుంటే మీ దగ్గర ఎందుకు రాదక్కా?"

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా. ఈ మధ్య మీ వైపు ఏమైనా మార్చారా బాబూ? పని చేసే తీరు గానీ..."

"నా వైపు ఏం మారుతుంది? నాలుగేళ్లుగా అదే కుర్చీ, అదే మిషన్."

"ఒకసారి లోపలికొచ్చి చూడనా?"

"అక్కర్లేదు. నా మిషన్ సంగతి నాకు తెలుసు."

మాట కొంచెం గట్టిగానే పడింది. హాల్లో దిండుకి గలీబు తొడుగుతున్న అత్తయ్య తల ఎత్తింది. "మా రోజుల్లో బీరువాకి తాళం వేసేవాళ్లు. కాగితానిక్కూడా వేస్తారని ఇప్పుడే వింటున్నా," అంది. అక్క ఒక్కతే నవ్వింది.

బావ నాలుగో షీటును పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చిచ్చాడు. తెరుచుకుంది గానీ అందులో గోడలు లేవు. తలుపులూ కిటికీలూ తెల్లటి ఖాళీలో వేలాడుతున్నాయి. ఆ షీట్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని, ఉన్న చోటి నుంచి విడిగా తెస్తే పక్క షీటులోంచి రావాల్సిన గీతలు రావని స్కేలక్క నత్తకు ముందే చెప్పింది. మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి ఈ ఇంట్లో నత్త నేర్చుకున్నదంతా ఆమె చెప్పిందే. విసుక్కోకుండా చెప్పేది. నత్త అడగలేని ప్రశ్నలు కూడా తానే ఊహించి చెప్పేది.

సాయంత్రానికి తెరుచుకోని షీట్లు మూడయ్యాయి.

స్కేలక్క వెళ్లిపోయాక బావ పెరట్లో బట్టలు తీస్తున్న నత్త దగ్గరికి వచ్చాడు. తీగ మీది క్లిప్పు ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"ఒక పని చెప్తాను, ఎవరితో అనకు. మీ అక్కతో కూడా."

నత్త తువ్వాలు గుండెకి ఆనించుకుని నిలబడింది.

"ఈ నెట్‌వర్క్ అంతా నాన్న ఉన్నప్పుడు స్కేలక్కే పెట్టింది. ఏ ఫైలు ఎవరికి కనబడాలో, ఎవరికి కనబడకూడదో ఈ ఇంట్లో ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. పోయిన శనివారం ఎదురు వీధిలో ప్లాన్లు గీసే ఆ ఇంకో ఆఫీసు వాడితో నిలబడి మాట్లాడుతుంటే చూశాను. ఇప్పుడు సరిగ్గా హాస్టల్ పని మీదే షీట్లు మూసుకుపోతున్నాయి. మనం ఆలస్యం చేస్తే ఆ పని ఎవరికి వెళ్తుంది? చెప్పు."

నత్త తువ్వాలు మడత పెట్టింది.

"నిన్ను ఎవరూ పట్టించుకోరు. అదే మంచిది. రేపంతా ఆవిడ ఏ షీటు ఎన్నింటికి తీసింది, ఎన్నింటికి పెట్టింది, ఆ తర్వాత ఏది తెరుచుకోలేదు, కాగితం మీద రాసి పెట్టు. అంతే."

చెయ్యనని చెప్పేద్దామనుకుంది నత్త. ఆ మాటకి మాత్రం నోరు రాలేదు.

*

మంగళవారం నత్త రాసింది.

పదీ పదికి స్కేలక్క పదకొండో షీటు తీసింది. పదీ నలభైకి పెట్టేసింది. పదకొండుంబావుకి ఏడో షీటు. స్కేలక్క పని ఎప్పటిలాగే చేస్తోంది. గీత గీసి స్కేలు ఆనించడం, పెదవి విరవడం, చెరిపి మళ్లీ గీయడం. మధ్యలో ఆమె ఫోను మోగింది, దాని మీద ఎదురు ఆఫీసు పేరు నత్తకి కనిపించింది. "చెప్పాను కదండీ, ఇక్కడ పని నడుస్తోంది," అని పెట్టేసింది. నత్త అదీ రాసింది. మొదటి సగం వినిపించలేదు కాబట్టి 'పని నడుస్తోంది' అన్న మాటే రాసింది.

షీటు పెట్టిన ప్రతిసారీ నత్త గంటా రెండు గంటలు ఆగి తన కంప్యూటర్లో నొక్కి చూసేది. పదకొండో షీటు మధ్యాహ్నం పన్నెండుకి తెరుచుకుంది, రెండింటికి తెరుచుకోలేదు. ఏడోది మూడింటికి తెరుచుకోలేదు. స్కేలక్క ముట్టుకోని షీట్లు మాత్రం ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకుంటున్నాయి. నత్త ఆ వరుస మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. బావ చెప్పింది నిజమేనేమో.

ఆ తర్వాత ఆమెకు అన్నీ వేరేగా కనిపించాయి. స్కేలక్క కళ్లజోడు తుడుచుకుంటే ఏదో ఆలోచిస్తున్నట్టు, కుర్చీ జరుపుకుంటే తెర దాచుకుంటున్నట్టు. నాలుగింటికి లేచి టీ గ్లాసు కడగడానికి వెళ్తే ఎవరితోనో మాట్లాడటానికి వెళ్లినట్టు. నత్త వంటగది గుమ్మం దాకా వెనకాలే వెళ్లింది. స్కేలక్క గ్లాసు కడిగి బోర్లించి తిరిగింది.

"నీళ్లు కావాలా?"

నత్త తల అడ్డంగా ఊపింది.

"మరి?"

ఏమీ లేదన్నట్టు మళ్లీ తల ఊపింది. స్కేలక్క ఆమె చేతిలో మడిచి పట్టుకున్న కాగితం వైపు చూసింది. ఏదో అనబోయి ఆగింది. తడి చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్లి కూర్చుంది. ఆ సాయంత్రం దాకా ఇంకేమీ నేర్పలేదు.

*

బుధవారం తొమ్మిదిన్నరకి బావ ఆ కాగితం పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. అక్క అప్పుడే టీ పెట్టి వచ్చింది.

"అక్కా, ఒక్క మాట. తెరుచుకోని షీట్లు ఆరయ్యాయి. ఆరూ మీ చేతిలోంచి వెళ్లినవే."

"గీసేది నేనొక్కదాన్నే కదా బాబూ. మరి నా చేతిలోంచి కాక ఎవరి చేతిలోంచి వెళ్తాయి?"

"పదకొండు. పదీ నలభైకి పెట్టారు. రెండింటికల్లా మూసుకుపోయింది. ఏడు..." బావ చదువుకుంటూ పోయాడు. నత్త ప్రింటర్ వెనక్కి జరిగింది. రాత తనది. తన గుండ్రటి ఏడు, తన పొడుగాటి ఒకటి, గుమ్మం దగ్గర నిలబడ్డా గుర్తుపట్టచ్చు. స్కేలక్క ఆ కాగితాన్ని ఒకసారి చూసింది. ఆమె కళ్లు నత్త వైపు తిరగలేదు. తిరిగి ఉంటే కొంచెం నయంగా ఉండేదేమో.

"'పని నడుస్తోంది' అని ఎదురు ఆఫీసు వాళ్లకి ఏం కబురు చెప్తున్నారు?" అన్నాడు బావ.

"ఏంటండీ ఆ మాటలు?" అక్క మధ్యలో అంది. "ఆవిడ మీ నాన్నగారి కాలం నుంచి..."

"నువ్వుండు."

స్కేలక్క లేచింది. కళ్లజోడు మడిచి పెట్టెలో పెట్టింది. స్కేలు తీసుకుని సంచిలో వేసుకుంది. సంచి పొట్టిది కావడంతో స్కేలు సగం బయటికే ఉంది.

"నేను వెళ్లమనలేదు," అన్నాడు బావ. "ఈ హాస్టల్ పని అయ్యేదాకా సెలవు తీసుకోండి. తర్వాత మాట్లాడుకుందాం."

"సరే బాబూ. పద్నాలుగో షీటులో మెట్లు ఒకటి తక్కువున్నాయి. చూసుకోండి."

చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అత్తయ్య హాల్లోంచి, "ఏంటి, అప్పుడే వెళ్లిపోతోంది? ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

*

స్కేలక్క లేకపోవడంతో గీసే పని కూడా బావ మీద పడింది. పక్కన కూర్చుని కొలతలు పైకి చదవమని నత్తను లోపలి గదిలోకి పిలిచాడు. పెద్ద మిషన్ దగ్గర కూర్చోవడం ఆమెకదే మొదలు.

"పద్నాలుగు," అన్నాడు. 'అందరిదీ' లోంచి పద్నాలుగో షీటు తెరిచాడు. నత్త మెట్లు లెక్కపెట్టింది. నిజంగానే ఒకటి తక్కువ. బావ ఆ మెట్టు గీశాడు. తర్వాత షీటును వేరే ఫోల్డర్లో భద్రం చేశాడు. ఆ ఫోల్డర్ పేరు 'నా టేబుల్'. అది ముందుగదిలో కనిపించదు. అందులో ఇల్లు కట్టించుకునేవాళ్లు రాసిన ఉత్తరాలు కూడా ఉంటాయని, అందుకే తనకి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా ఎప్పుడో స్కేలక్క చేతే పెట్టించానని బావ చెప్పాడు. రెండుసార్లు చూసుకుని, సరే అనుకున్నాక, 'నా టేబుల్' లోంచి షీటును కట్ చేసి 'అందరిదీ' లో పేస్ట్ చేశాడు. పాతది తీసేసి దీన్ని పెట్టనా అని మిషన్ అడిగింది. సరే నొక్కాడు.

"వెళ్లి ప్రింటుకి పెట్టు."

నత్త ముందుగదిలోకి వెళ్లి పద్నాలుగు మీద నొక్కింది.

అనుమతి లేదు.

పొద్దున అదే షీటు తన కంప్యూటర్లో తెరుచుకుంది. స్కేలక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కంప్యూటర్ వెలగనే లేదు.

నత్త చాలాసేపు ఆ నల్లటి తెర చూస్తూ కూర్చుంది. నిన్నంతా తను ఒక్క కుర్చీనే కనిపెట్టి రాసింది. స్కేలక్క పెట్టిన ప్రతి షీటూ ఆ తర్వాత లోపలి గదికి వెళ్లింది. ఆ సంగతి ఆ కాగితం మీద ఒక్క చోటా లేదు. రాయమని ఎవరూ చెప్పలేదు. తనకీ తోచలేదు.

బావ భోజనానికి లేచాడు. నత్త వంటగదిలోకి వెళ్లి అక్క కొంగు పట్టుకుంది.

"పెద్ద మిషన్ ఒక్క పది నిమిషాలు ముట్టుకోనా?"

"ఎందుకే?"

"చూడాలి."

అక్క ఆమె మొహం చూసి గరిటె పక్కన పెట్టింది. "ఆయన పెరుగన్నం దాకా రావడానికి టైం పడుతుంది. ఈలోగా కానియ్."

నత్త 'నా టేబుల్' లో రెండు ఉత్తుత్తి ఫైళ్లు చేసింది. ఒకదాని పేరు కాకి, రెండోదాని పేరు కోడి. కాకిని కాపీ చేసి 'అందరిదీ' లో పెట్టింది. కోడిని కట్ చేసి పెట్టింది. ముందుగదికి పరిగెత్తింది. కాకి తెరుచుకుంది. కోడి తెరుచుకోలేదు. మళ్లీ లోపలికి వెళ్లింది. ఇంకో రెండు చేసి, ఈసారి కోడిని కాపీ చేసింది, కాకిని కట్ చేసింది. కోడి తెరుచుకుంది. కాకి తెరుచుకోలేదు.

"అక్కా, బావ ఎప్పుడూ కట్ చేసే పెడతాడా?"

వంటగదిలో అక్క గిన్నె మీది మూత తీసింది. "లేదే. ముందు కాపీయే చేసేవారు. అందుకే ఒకే షీటు రెండు చోట్లా ఉండి పోయిన వారం నేను పాతది ప్రింటు తీశాను. 'ఒక వస్తువు ఒక్క చోటే పెట్టుకో మహానుభావా' అని నేనే గొడవ చేశాను." అంటూ ఆగింది. చేతిలోని మూత మెల్లగా గిన్నె మీద పెట్టింది. "అప్పట్నుంచేనా?"

బావ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఇద్దరూ లోపలి గదిలో ఉన్నారు. అక్క చెల్లెలి వీపు మీద చిన్నగా తోసింది. నత్త మెడ లోపలికి పోయింది గానీ మాట బయటికి వచ్చింది.

"కాపీ చేస్తే అది కొత్త ఫైలు బావా. ఏ ఫోల్డర్లో పెడితే ఆ ఫోల్డర్ అనుమతులే దానికి వస్తాయి. కట్ చేస్తే పాతదే జరుగుతుంది. నీ టేబుల్ తాళం దాంతోనే వచ్చేస్తుంది. నీకు తెరుచుకుంటుంది. మాకు తెరుచుకోదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చేసి చూశాను."

కాకినీ కోడినీ మళ్లీ చేసి చూపించింది. బావ ముందుగదికీ లోపలి గదికీ రెండుసార్లు తిరిగాడు. మూడోసారి తనే కట్ చేశాడు, తనే వెళ్లి నొక్కాడు, తనే వచ్చి కూర్చున్నాడు. మెడ వెనక రుద్దుకున్నాడు.

'అందరిదీ' మీద కుడి బటన్ నొక్కి, సెక్యూరిటీ అన్న చోటికి వెళ్లి, లోపలున్న ఫైళ్లన్నిటికీ ఈ ఫోల్డర్ అనుమతులే వర్తించాలన్న గడిలో టిక్కు పెట్టారు. తెర మీద పచ్చటి గీత ఒక చివర నుంచి ఇంకో చివరకి పాకింది. ముందుగదిలో మూసుకుపోయిన షీట్లన్నీ వరుసగా తెరుచుకున్నాయి.

"సరే," అన్నాడు బావ. "ప్రింట్లు తియ్యి."

"స్కేలక్కకి చెప్పొద్దా?" అంది నత్త. "ఇప్పుడే వెళ్లొస్తాను."

"ముందు ప్రింట్లు. రేపు ఇచ్చేశాక వెళ్దువుగాని. సెలవు చాలు, రమ్మన్నారని చెప్పు. మిగతా గోల దేనికి?"

"తప్పు మనదేనని..."

"తప్పు మిషన్‌ది," అన్నాడు బావ. అక్క అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. "ఆ కాగితం కూడా చింపేశాను. అయిపోయింది కదా, ఇంకేంటి?"

నత్తకి అప్పుడే వెళ్లాలని ఉంది. రెండు వీధుల దూరం. ప్రింటర్ మొదటి షీటు బయటికి వదలడం మొదలుపెట్టింది. కాగితం ముడత పడకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆమె పట్టుకుంది. సాయంత్రం దాకా అలా పట్టుకునే ఉంది.

*

గురువారం మధ్యాహ్నం షీట్లు ఇచ్చేసి వచ్చాక నత్త బయల్దేరింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు లోపల కూర్చుకుంటూ నడిచింది. బావ చెప్పమన్నది ఒకటి, తను చెప్పాలనుకున్నది ఒకటి. ఏది ముందు చెప్పాలో తేల్చుకునేలోపే ఇల్లు వచ్చేసింది. మేడ మీద రెండు గదులు. ఇనప మెట్లు. ఆమె తలుపు తట్టి, తట్టింది వినపడిందో లేదో అని మళ్లీ తట్టింది.

స్కేలక్క తలుపు తీసింది. జుట్టు విరబోసుకుని ఉంది, చేతిలో దువ్వెన. ఆఫీసులో ఎప్పుడూ అలా చూడలేదు.

"నువ్వా," అంది. లోపలికి రమ్మనలేదు.

"రేపట్నుంచి రమ్మన్నారు బావ. సెలవు చాలన్నారు." తర్వాత ఊపిరి తీసుకుంది. "తప్పు మాదే అక్కా. బావ కట్ చేసి పెడుతున్నాడు. నీ వల్ల కాదు. నేనే కనిపెట్టాను. కాపీ చేస్తే..."

"కొత్త అనుమతులొస్తాయి. కట్ చేస్తే పాతవే వస్తాయి."

"నీకు తెలుసా?" అంది నత్త.

"మంగళవారం పొద్దున్నే తెలిసింది. మూడు షీట్లు వరుసగా పోయాయంటే ఇంకేముంటుంది?"

"మరి చెప్పలేదేం?"

"సోమవారం అడిగాను కదమ్మా, మీ వైపు ఏమైనా మారిందా అని. నువ్వు అక్కడే ఉన్నావు. లోపలికొచ్చి చూస్తానన్నాను. వద్దన్నారు. రెండోసారి చెబుదామనుకునేసరికి నా వెనకాల ఒక మనిషి కాగితం పట్టుకుని తిరుగుతోంది." దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే లాగి వేలికి చుట్టుకుంది. "కాపలా పెట్టినవాళ్లకి వెళ్లి ఏం చెప్పను? దొంగ చెప్పే సాకులాగే ఉంటుంది."

"నాకు బావ చెప్పాడు..."

"ఆయన చెప్పాడు. ఆయన యజమాని, భయపడ్డాడు. ఆయన సంగతి వదిలెయ్. నువ్వు నా పక్కనే కూర్చున్నావు. 'అక్కా, ఇలా ఎందుకవుతోంది?' అని నన్ను ఒక్క మాట అడిగుంటే ఇద్దరం కలిసి పది నిమిషాల్లో తేల్చేవాళ్లం. నీకు సిగ్గనుకున్నాను. సిగ్గున్న పిల్ల అడక్కపోయినా చెప్పాలని, ఇన్ని రోజులూ నువ్వు అడగనివి కూడా చెప్పాను. నీళ్లు కావాలా అని కూడా నేనే అడిగాను."

నత్త ఇనప కమ్మీ పట్టుకుంది. ఎండకి కాలి ఉంది. చెయ్యి తియ్యలేదు.

"రేపు వస్తావా అక్కా?"

"ఎదురు ఆఫీసులో చేరుతున్నాను, సోమవారం నుంచి. ఏడాదిగా అడుగుతున్నారు, రానని చెప్తూ వచ్చాను. నిన్న సాయంత్రం మళ్లీ ఫోన్ చేశారు. వస్తానన్నాను."

నిన్న సాయంత్రం. అప్పుడు నత్త ప్రింటర్ దగ్గర కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"బావ అంటాడు," అంది నత్త. "'నేను ముందే చెప్పానా, ఆవిడ వాళ్లతోనే ఉందని' అంటాడు."

"అంటారు." స్కేలక్క మొదటిసారి కొంచెం నవ్వింది. అందులో వెటకారం లేదు. "అనుకోనియ్. ఆయన ముందు నువ్వు కాదనగలవా?"

నత్త అనగలనని చెప్పాలనుకుంది. పైకి ఒక్క అక్షరం రాలేదు. స్కేలక్క కాసేపు ఆగింది. నిజంగానే ఎదురుచూస్తున్నట్టు, దువ్వెన పట్టుకున్న చెయ్యి కదల్చకుండా, తల కొంచెం పక్కకి వంచి ఆగింది. మెట్ల కింద ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"మెట్లు జాగ్రత్త," అని స్కేలక్క తలుపు వేసుకుంది.